అడ్వాన్సు ఎగ్గొట్టిన ఓనరు మీద దావా వేయాలా?

ప్రశ్న: షాపు ఖాళీ చేసి ఏడాదైంది, ఓనరు 80 వేల అడ్వాన్సు తిరిగివ్వడం లేదు. దావా వేస్తే ఫీజులకీ వాయిదాలకే సగం పోతుందంటున్నారు. వదిలేసుకోవాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వదులుకోకండమ్మా. ముందు కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌కి (ఇరువైపులా మాట్లాడి రాజీ కుదిర్చే వేదిక) తీసుకుంటారు, కోర్టు ఫీజు ఉండదు, అద్దె అగ్రిమెంటు, అడ్వాన్సు రసీదు లేదా ఫోన్‌పే స్క్రీన్‌షాటు జత చేస్తే వాళ్లే ఓనరుకి నోటీసు పంపుతారు. నోటీసు చూశాక దిగొచ్చేవాళ్లు ఉంటారు. అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంది, ఆయన మాట తప్పితే అమలు పిటిషన్ వేయొచ్చు.

కానీ దాని మీద అప్పీలు లేదు. అందుకే “పోన్లే అమ్మా, సగం తీసుకో” అని ఎవరు ఒత్తిడి చేసినా తొందరపడి సంతకం పెట్టొద్దు. డబ్బు అవసరంలో ఉన్నవాళ్లే ఎక్కువగా తగ్గాల్సి వస్తోంది, అది న్యాయం కాదు.

ఓనరు రాకపోతే ఇక దావాయే, 3 ఏళ్ల గడువు మాత్రం దాటనివ్వకండి. దావా మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినా కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.