ముద్ర గుండ్రమా, కోలగా ఉందా?

ప్రశ్న: మాస్టారూ, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూదుల మతగురువులు, అంటే రబ్బీలు, అరుదైన పుస్తకాల కోసం ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారని చదివాను. అయినవాళ్లంతా పోయాక పుస్తకాల వెతుకులాటేమిటో అర్థం కాలేదు. ఇంకో సంగతి. మా తాతగారు 1950ల నాటి కథల పత్రికలు రెండు బైండ్లు కుట్టించారు. ఒకటి ఉంది, రెండోది ఎవరో తీసుకెళ్లి ఇవ్వలేదు. ఎవరికి రాయాలి, ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకి జవాబు మొదటిదాంట్లోనే ఉంది.

యూదుల్ని చంపడానికి నాజీలు పెట్టిన శిబిరం నుంచి ఒకావిడ బతికి బయటపడింది. భర్త చనిపోయాడని చూసి చెప్పేవాళ్లు లేరు. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా? ఇది రబ్బీని అడుగుతుంది. ఆయన నోటికొచ్చింది చెప్పకూడదు, వెనకటి రబ్బీలు ఇలాంటి చిక్కులకి ఏం చెప్పారో చూసి చెప్పాలి. ఆ తీర్పులన్నీ ప్రశ్నలూ జవాబులుగా వచ్చిన ఉత్తరాలే, వెయ్యేళ్ల పైబడి పోగై పుస్తకాలైనవి. మన శీర్షిక లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడ జవాబు తప్పితే ఒక కాపురం పోతుంది. ఆ పుస్తకం చేతిలో లేకపోతే ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంటుంది, రబ్బీ తల దించుకుని ఉంటాడు. అందుకే ఆ ఉత్తరాలు.

నాజీలు గ్రంథాలయాలకి గ్రంథాలయాలే ఎత్తుకుపోయారు. అలా దొరికినవాటిని అమెరికా సైన్యం 1946లో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఆఫెన్‌బాక్ అనే ఊళ్లో ఒక పెద్ద గోడౌన్‌లో చేర్చింది. దాదాపు 30 లక్షలు! ఏది ఏ గ్రంథాలయానిదో ఏర్చేవాళ్లలో చాలామందికి యూదుల భాష హీబ్రూ అక్షరం ముక్క రాదు. కెప్టెన్ ఐజాక్ బెన్‌కోవిట్జ్ ఒక ఉపాయం చేశాడు. పుస్తకాల మీది గ్రంథాలయ ముద్రలకి ఫోటోలు తీయించి, ఒక్కొక్కరికీ కొన్ని ముద్రలు అప్పగించాడు. చదవక్కర్లేదు, ఆకారం పోల్చుకుంటే చాలు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఇదే. నేనూ లైబ్రరీలో ముద్రలు కొట్టి కొట్టి రిటైరైనవాణ్నే కదా.

జర్మనీలో బతికి ఉన్న యూదులకి తాల్ముద్, అంటే వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం, అచ్చు వేయిద్దామంటే, చూసి వేయడానికి అక్కడ ఒక పూర్తి సెట్టు దొరకలేదు. న్యూయార్క్ నుంచి తెప్పించి, అదే సైన్యం సాయంతో హైడెల్‌బర్గ్‌లో 19 సంపుటాలుగా వేశారు. ముఖపత్రం అడుగున ముళ్లకంచె, శిబిరం. పైన ఖర్జూర చెట్లు.

ఇక మీకు పనికొచ్చే ముక్క. వెనిస్‌లో 1520ల్లో బాంబెర్గ్ అనే ఆయన అచ్చువేసినప్పటి నుంచి తాల్ముద్ ఆకుల లెక్క మారలేదు. మొదటి భాగం రెండో ఆకుతోనే మొదలవుతుంది, ఒకటో ఆకు అడక్కండి. అందుకని ‘ఫలానా భాగం, ఫలానా ఆకు, రెండోవైపు’ అని రాస్తే చాలు, ఏ దేశంలో ఉన్నవాడైనా అదే పేజీ తీస్తాడు. ‘పాత పుస్తకం ఒకటి కావాలి’ అని రాస్తే ఎవడూ అటక ఎక్కడు.

నా సంగతే చెప్తాను. ఒక పత్రికలో చిరిగిపోయిన మూడు పేజీల కోసం పదకొండు కార్డులు రాశాను. నెల, సంవత్సరం, పేజీలు, ఆగిపోయిన చివరి వాక్యం కూడా రాశాను. ఒక్కటే జవాబొచ్చింది, సాలూరు నుంచి. ఎవరో టీచరు గారు ఆ మూడు పేజీలూ ఆకుపచ్చ ఇంకుతో రాసి పంపారు. అడుగున ఉన్న తలనొప్పి మందు ప్రకటనతో సహా!

మీరూ అలాగే రాయండి. మీవి కథలు కాబట్టి ముందు శ్రీకాకుళంలోని కథానిలయం గ్రంథాలయానికి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టింది కథల కోసమే. బైండు దొరక్కపోయినా అందులోని సంచికలు విడిగా ఉండొచ్చు. ఏ పత్రిక, ఏ నెలలు, ఒకటో బైండు ఏ కథ దగ్గర ఆగింది, ఇవి తప్పకుండా ఉండాలి. తర్వాత మీ దగ్గరున్న బైండు లోపలి అట్ట చూడండి. కుట్టినవాడిదో, తాతగారిదో ముద్ర ఉంటే రెండోదాని మీదా అదే ఉంటుంది. అక్షరాలు చెరిగిపోయినా ఫర్వాలేదు, గుండ్రమా, కోలగా ఉందా అన్నది రాయండి.