ఏ చేప, ఎక్కడి చేప, చేపలో ఏ భాగం

చిరంజీవి సౌజన్యకు,

నీ రీసెర్చ్ ప్లాన్ చదివాను. ఫిషింగ్ హార్బర్ వేలంలో కవళ్ళు, కానాగడతలు, సూరలు కొని, వాటిలో లోహాలు కొలిచి విశాఖ తీరం ఎంత పాడైందో చెప్తానన్నావు. అలా కుదరదమ్మా. అవన్నీ తిరుగుబోతు చేపలు. వాటి ఒంట్లో దొరికిన కాడ్మియం ఏ నీళ్లదని చెప్తావు? మర పడవలేమో రోజుల తరబడి సముద్రం మీద ఉండి వస్తాయి. ఏ చేప ఎక్కడ పడిందో వేలం దగ్గర అడిగితే నవ్వుతారు.

ఒక్కచోటే ఉండి, అడుగున మేసే చేప కావాలి. లోహాలైనా, పెట్రోలియం నూనె అవశేషాలైనా చాలావరకు చేరేది అడుగు మట్టిలోకే. జెల్లలు చూడు, ముల్లెట్లు చూడు. ముల్లెట్లు గుడ్లు పెట్టడానికి బయటి సముద్రంలోకి పోతాయి కాబట్టి ఆ నెలలు వదిలెయ్. ఏ చోటైనా ఒకే పొడవు చేపలు తీసుకో. వయసు పెరిగేకొద్దీ పాదరసం దానంతటదే పెరుగుతుంది. ఒకచోట పెద్దవి, ఇంకోచోట చిన్నవి పడితే నువ్వు కొలిచేది వయసునే.

ఇక అసలు సంగతి, ఏ భాగం తీయాలన్నది. పాదరసం కండలో పేరుకుంటుంది. కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో దాక్కుంటుంది, కండ ఒక్కటే చూస్తే దాని జాడే తెలియదు. జింకు చేపకు అవసరమైన లోహం, దాన్ని ఒళ్లే అదుపులో పెట్టుకుంటుంది, కాబట్టి కండలో జింకు చూసి ఏమీ తేల్చలేవు. ఆ నూనె నుంచి వచ్చే పీఏహెచ్‌లనే విష రసాయనాలను కాలేయం విరగ్గొట్టి పైత్యరసంలోకి పంపేస్తుంది. పిత్తాశయం చిట్లకుండా తీసి వాటి ముక్కల్ని అందులో వెతుకు. కాలేయంలో ఈరాడ్ ఎంజైమ్ కూడా చూడు, పీఏహెచ్‌లు తగిలితే అది పెరుగుతుంది. గుడ్లతో ఉన్న ఆడచేపల్లో అది తగ్గిపోతుంది, ఆడా మగా కలిపి సగటు తీయకు. మురుగునీటి ప్రభావం కావాలంటే మగచేపల రక్తంలో వైటెల్లోజెనిన్ చూడు. అది గుడ్డు సొనకు సంబంధించిన ప్రొటీన్, మగచేపలో దానికి పనేముంది? కనబడిందంటే మురుగులోని ఆడ హార్మోన్‌లాంటి పదార్థాలు తగిలినట్టే.

ఎంజైమ్‌లకు బతికున్న చేపే కావాలి, కాలేయం తీసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో పడాలి. లోహాలకు ప్లాస్టిక్ సంచి, పీఏహెచ్‌లకు అల్యూమినియం ఫాయిల్. ఇవి తారుమారైతే ఆ విడత మొత్తం పోయినట్టే.

పోల్చడానికి శుభ్రమైన చోటు అని భీమిలి రాశావు. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరప్రవాహం ఈశాన్యంగా పోతుంది, అంటే నగరం నీళ్లు అటే వెళ్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడుతుంది. రెండు కాలాల్లోనూ చెయ్యి, లేదా ఇంకో చోటు వెతుక్కో.

కాలేయంలో వచ్చిన అంకె పట్టుకుని 'విశాఖ చేపల్లో విషం' అని పేపరుకెక్కకు. జనం తినేది కండ. దాని లెక్క వేరుగా తీసి, వేరుగా రాయి. లేకపోతే మర్నాడు జాలరిపేటలో గంపలు అమ్ముడుపోవు, ఆ తర్వాత నీకు ఎవరూ పడవ ఇవ్వరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మర పడవలు కదలవు. మొదటి విడత మార్చిలో ముగించుకో. పోర్టు లోపలి నీళ్లలో వల వేయాలంటే అనుమతి కావాలి, ఆ అర్జీ ఈ వారమే పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ