గడియ వేసుకోకు నానీ

నానీ,

మియాపూర్ ఫ్లాట్‌లో బాత్రూంలో పెద్ద టబ్బు పెట్టావట, రోజూ పొద్దున్నే ఐసు పోసుకుని అందులో కూర్చుంటావట. మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. చిక్కడపల్లి ఇంట్లో సంపు నీళ్లు ఒక్క చెంబు పోస్తే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేవాడివి. అలాంటివాడివి ఐదింటికే లేచి ఇంత పట్టుదల చూపిస్తుంటే గర్వంగానే ఉందిరా. టెన్షన్ కూడా అంతే ఉంది.

ముందు బీపీ చూపించుకో, ఈసీజీ తీయించుకో. మీ తాతయ్యకి నలభై ఎనిమిదేళ్లకే గుండెపోటు వచ్చింది. చల్లటి నీళ్లు తగలగానే రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది.

థర్మామీటర్ కొను. మన ఊళ్లో ఎండాకాలం ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి, జనవరిలో జివ్వుమంటాయి. ఎన్ని ఐసు ప్యాకెట్లు వేశావో లెక్కపెడితే ఏమీ తెలియదు. 15 డిగ్రీల దగ్గర మొదలుపెట్టు, ఒకటి రెండు నిమిషాలు చాలు. కాళ్లు పెట్టి మెల్లగా దిగు, తల ముంచకు. మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగపీల్చేస్తుంది. ఆ క్షణాన మొహం నీళ్లలో ఉంటే పీల్చేది నీళ్లే. వీడియోల్లో చూపించే ఆ గబగబా ఊపిరి తీసి బిగబట్టడాలు టబ్బులో అస్సలు వద్దు, స్పృహ తప్పుతుంది.

1994 మే నెలలో మీ పెదనాన్నా నేనూ గంగోత్రి వెళ్లాం. పదివేల అడుగుల ఎత్తు, పైన హిమానీనదం కరిగి వచ్చే నీళ్లు. గొలుసు పట్టుకుని మూడు మునకలు వేశాను. బయటికొచ్చాక చలే లేదు! ఒళ్లంతా తేలిగ్గా, హాయిగా ఉంది. చీర మార్చుకోమని ఆయన అంటూనే ఉన్నారు. సంకల్పం అయ్యాక మార్చుకుంటానని ఆ తడిచీరతోనే గాలికి కూర్చున్నాను, పావుగంట. లేచి మెట్లెక్కుతుంటే మొదలైంది వణుకు. దవడలు టకటక కొట్టుకున్నాయి. భుజం మీద పిన్నీసు తీద్దామంటే వేళ్లు వంగవు. పిన్నీసు కనిపిస్తోంది, దాని మీద వేలు ఉంది, నొక్కడం మాత్రం రాదు. ఆయన పేరు పిలుద్దామంటే మాట ముద్దగా వచ్చింది. ఎవరో ముసలావిడ, భాష కూడా తెలియదు, ఆ పిన్నీసు తీసి, తడిచీర లాగేసి, తన కంబళిలో నన్ను చుట్టేసింది.

చలి అసలు పని బయటికొచ్చాకే మొదలవుతుందని ఆ రోజు తెలిసింది. నీళ్లలోంచి లేచాక కూడా లోపలి వేడి కాసేపు ఇంకా దిగుతూనే ఉంటుంది. అందుకే హాయిగా ఉంది కదా అని కూర్చోకు. తుడుచుకుని వెంటనే పొడిబట్టలు, స్వెట్టర్, సాక్సులు, తర్వాత వేడి టీ. గీజర్ నీళ్ల కింద వెంటనే నిలబడకు, బిగుసుకున్న రక్తనాళాలు ఒక్కసారి వదులైతే కళ్లు తిరిగి పడతావు. అరగంట దాకా బండి తీయకు.

నాకున్న భయం ఒక్కటే. నీ రూంమేట్ నైట్ షిఫ్ట్‌కి పోతాడు, నువ్వు గడియ వేసుకుంటావు. గడియ వేసుకోకు నానీ. ఇంట్లో మనిషి లేని రోజు టబ్బు జోలికే పోకు.

ఆదివారం మెట్రోలో వస్తున్నాను. ఫ్లాస్కులో అల్లం టీ తెస్తాను, తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాను, నువ్వు దిగు. అప్పటిదాకా ఐసు కొనకు.

పెద్దమ్మ