యాభై ఏళ్లు అద్దెకుంటే టాకీసు స్థలం వాళ్లదైపోతుందా?

ప్రశ్న: చిత్తూరు సంతపేటలో మా తాతగారి స్థలాన్ని 1969లో ఒకాయనకు 30 ఏళ్లకు లీజుకిచ్చారు. ఆయనే హాలు కట్టి సినిమాలు ఆడించారు. 2004లో ఆటలు ఆగిపోయాయి. తర్వాత అది బెల్లం గోడౌన్, ఇప్పుడు కల్యాణ మండపం. 2017 వరకు మా నాన్న ఖాతాలో అద్దె పడింది. ఇప్పుడు ఆయన కొడుకులు "యాభై ఏళ్లుగా పన్ను మేమే కడుతున్నాం, స్థలం మాదే" అంటున్నారు. లీజు కాగితం మా దగ్గర లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: పన్ను రసీదు కట్టినవారి పేరు చెబుతుందే తప్ప హక్కు ఇవ్వదు. అద్దెకు దిగినవాడు ఎన్నేళ్లున్నా అద్దెదారే. యజమాని చేతి నుంచి స్థలం తీసుకుని, అందులోనే ఉంటూ, అది ఆయనది కాదనడం కుదరదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 116వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 122. కొడుకులకూ ఇదే వర్తిస్తుంది.

కాగితం లేదని దిగులు పడకండి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడగండి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే దొరుకుతుంది, మీది పాత పుస్తకాల్లో చేత్తో వెతికించాలి.

నేనైతే ముందు టాకీసు లైసెన్సు ఫైలు కోసం వెతుకుతాను. 1955 నాటి సినిమాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బొమ్మ ఆడించడానికి లేదు. బీ ఫారం అనే ఆ లైసెన్సు కావాలంటే స్థలం తన చేతికి సక్రమంగా వచ్చిందని చూపాలి. అంటే ఆ రోజు ఆయన మీ తాతగారి లీజునో, సమ్మతి పత్రాన్నో జతచేసి ఉండాలి. ఆయన సంతకంతో అలాంటి కాగితం దొరికితే కొడుకుల నోరు మూతపడుతుంది. జాయింట్ కలెక్టర్ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫైలు చెదల పాలు కాకుండా ఉండాలి, అంతే.

ఇక మీకు నచ్చని మాట ఒకటి. సినిమాకని ఇచ్చిన చోట బెల్లం దించడం తప్పే, ఆస్తి బదిలీ చట్టం 108(ఓ) అదే చెబుతుంది. కానీ అది చూస్తూనే మీ నాన్నగారు అద్దె తీసుకున్నారు. ఆ వాదన ఇప్పుడు బలంగా నిలవదు. పైగా 1999లో గడువు తీరాక కూడా అద్దె తీసుకున్నారు కాబట్టి మామూలుగా దాన్ని నెలవారీ అద్దెగానే చూస్తారు. 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. ముగిసిన నాటి నుంచి స్వాధీనం కోసం దావాకు 12 ఏళ్లు గడువుంటుంది. అద్దె బకాయికి మాత్రం మూడేళ్లే, కాబట్టి 2017 నాటి బాకీ ఇక రాదు.

హాలు వాళ్ల డబ్బుతో కట్టారు కదా అంటారా? ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, ఖాళీ చేసేలోగా కట్టుకున్నది విప్పుకుపోవచ్చు. స్థలం మాత్రం మీదే.

ముహూర్తాలు లేని రోజు చూసి మండపానికి తాళం వేద్దామని బంధువులెవరైనా సలహా ఇస్తే వినకండి. వాళ్లు ఆరు నెలల్లోపు కోర్టుకెళితే, హక్కు ఎవరిదన్న విచారణ లేకుండానే స్వాధీనం తిరిగి వాళ్ల చేతికి పోతుంది.