నడుం పట్టేస్తోందని అమ్మని మంచం మీదే ఉంచాలా?

మీ అమ్మగారికి 66 అన్నారు, పలాసలో ఇన్నేళ్లు జీడిపప్పు ఒలిచే పని, ఇప్పుడు లేవాలంటే నడుం పట్టేస్తోంది, రెస్ట్ ఇవ్వమంటారా అని కదా మీ ప్రశ్న. వద్దండి, మరీ నొప్పిగా ఉంటే ఒకట్రెండు రోజులు సరే, అంతకుమించి పడుకోబెడితే కండ పోయి ఇంకా బిగుసుకుపోతారు.

ఎందుకంటే వెన్నుపూసల మధ్య 23 డిస్కులుంటాయి, పెద్దయ్యాక వాటికి నేరుగా రక్తం అందదు, చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషకాలే దిక్కు, మనం కదులుతుంటే వాటి మీద ఒత్తిడి పడి తగ్గి ఆ ఊరడం బాగా జరుగుతుంది, స్పాంజ్ పిండి వదిలినట్టు అనుకోండి. వయసొచ్చేకొద్దీ వాటిలో నీరు తగ్గడం మామూలే, ఎమ్మారై చూసి కంగారుపడకండి.

వారానికి 150 నిమిషాలు నడక, మూడు రోజులు బ్యాలెన్స్, బలం పెంచే పనులు, ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది. ఇంట్లో అయితే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోమనండి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమనండి. శ్రీకాకుళంలో ఉంటే పొద్దున్నే నాగావళి ఒడ్డున నడిపించండి, మా అమ్మ అయితే కబుర్ల కోసమే వెళ్తుంది, నడక బోనస్. నీళ్ల బిందె ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. ముట్లు ఆగాక ఎముక పలచబడుతుంది, ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ గురించి ఒకసారి డాక్టర్‌ని అడగండి.

కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.