నాలుగేళ్ల పాపకు ఐక్యూ పరీక్ష ఎందుకు?

"మా పాపకు నాలుగేళ్లు. ఎవరూ నేర్పకుండానే చదువుతోంది, కూడికలు చేస్తోంది. మా తోడికోడలు మాత్రం అదంతా వట్టి బట్టీయేనంటోంది. ఆవిడ కొడుకు ఏడేళ్లు వచ్చినా కూడబలుక్కుని చదువుతాడు. ఐక్యూ పరీక్ష చేయిస్తే మా పాప తెలివి రుజువవుతుందా?"
– ఒక తల్లి

చేయించకండి. ఇంత చిన్న వయసులో ఆ అంకెలు నిలకడగా ఉండవు. నిద్ర చాలకపోయినా, కొత్త మనిషిని చూసి బెదిరినా మారిపోతాయి. బడిలో పై తరగతికి పంపాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు చూద్దాం.

బట్టీయా కాదా అన్నదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మెట్లు ఎక్కుతూ పన్నెండు లెక్కపెట్టిన పాప, దిగేటప్పుడూ పన్నెండే ఎందుకు వచ్చాయని అడిగిందన్నారు. బట్టీ పట్టిన పిల్ల అలా అడగదు. ఒకటి రెండుసార్లు వింటే పట్టేయడం, దాన్ని మరోచోట వాడి చూడడం, ఎందుకని వదలకుండా అడగడం వేగంగా నేర్చుకునే పిల్లల్లో కనిపిస్తాయి. కథ చదివాక పుస్తకం మూసి, సొంత మాటల్లో చెప్పమనండి. కొందరు గడగడా చదువుతారు గానీ అర్థం అందదు. దానికి తోడు పిలిస్తే పలకకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం ఉంటే పిల్లల వైద్యులకు చూపించాలి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ నాకు కనిపించలేదు. అక్షరం వంకరపోతే పెన్సిల్ విసిరేసి ఏడుస్తోందన్నారు. బుద్ధి ముందుకు పోయింది, వేళ్లు ఇంకా నాలుగేళ్లవే. కోప్పడకండి.

అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో పాప కన్నా తోడికోడలే ఎక్కువగా ఉన్నారు. ఆవిడ వచ్చినప్పుడల్లా మీరు పాపను కుర్చీ ఎక్కించి పత్రిక చదివిస్తున్నారు. ఈమధ్య పెద్దమ్మ గొంతు వినగానే తలుపు వెనక్కి పోతోందని, సిగ్గేమోనని మీరే రాశారు. సిగ్గు కాదమ్మా. తను చదివిన ప్రతిసారీ అన్నయ్య ముఖం చిన్నబోతుంటే అంత చురుకైన పిల్లకు తెలియదా? మీ ఇద్దరి తగవులో పసిదాన్ని సాక్ష్యానికి నిలబెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. ఆత్మగౌరవం ఉన్నవారు తమ మాట తామే చెప్పుకుంటారు. "అక్కా, ఆ మాట నాకు కష్టం కలిగించింది" అని ఆవిడతో నేరుగా అనండి.

నలుగురిలో "ఎంత తెలివైనదో" అని పొగడడం కూడా మానండి. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో, తెలివైనవారని మెప్పు పొందిన బడి పిల్లలు ఆ తర్వాత ఎక్కువగా తమకు తేలికగా వచ్చేవాటినే ఎంచుకున్నారు. శ్రమకు మెప్పు పొందినవారు కష్టమైనవాటికి సిద్ధపడ్డారు.

ఏడేళ్లకు కూడబలుక్కుని చదవడం వింతేమీ కాదు. ఆ బాబు చదువు సంగతి ఇకపై ఎవరి దగ్గరా, ముఖ్యంగా మీ పాప ముందు, ఎత్తకండి.