ఫోన్లు ఎత్తు తమ్ముడూ, ఎండింగ్ మాత్రం చెప్పకు

తమ్ముడూ,

నీ మెసేజ్ నిన్న రాత్రే చూశా, అప్పటికే పదకొండు దాటింది కదా అని ఊరుకున్నా. ఇవాళ పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని నింపాదిగా రాస్తున్నా. పత్రికలో నీ కథ పడిన వారంలో 40 ఫోన్లు పైనే వచ్చాయన్నావు, సగం మంది తిట్టినంత పని చేశారన్నావు, ఫోన్ సైలెంట్‌లో పెట్టేశా అక్కా, ఇలాంటివి ఇంక రాయను అన్నావు. ఆ చివరి మాట చూశాక నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు కథ సంగతి. రెండుసార్లు చదివా. విజయవాడ సింగ్ నగర్‌లో వరద దిగిపోయిన ఇల్లు, గోడ మీద మోకాలెత్తున బురద నీళ్ళ గీత, సున్నం కొట్టినా మళ్ళీ తేలుతుంది, అది రోజుకో అంగుళం పైకి జరుగుతోందని ఇంట్లో ఎవ్వరికీ తెలీదు, ఒక్క మూడో క్లాసు పిల్లకి తప్ప. ఆ పిల్ల రోజూ బడి నుంచి రాగానే స్కేలు పెట్టి కొలుచుకుని నోటుబుక్కు చివరి పేజీలో అంకె రాసుకుంటుంది. ఆఖర్న స్కేలు కింద పెట్టి కుర్చీ తెచ్చుకుంటుంది. అంతే, అయిపోయింది. దెయ్యం లేదు, అరుపు లేదు, నెత్తురు చుక్క లేదు. చదివి లేచి మా హాల్లో గోడ చూసుకొచ్చా తమ్ముడూ. మాది గుంటూరు బ్రాడీపేట, ఆ వరద తెచ్చిన బుడమేరు వాగు ఇక్కడికి రాదని నాకు తెలుసు, అయినా చూసుకొచ్చా.

ఇప్పుడు ఆ ఫోన్ల సంగతి. మనకి కథ కింద రచయిత నంబర్ వేసే అలవాటు ఉంది కదా, అది ఎంత మంచిదో అంత కష్టం కూడా, ఎందుకంటే చదివిన మనిషి ఇంకా ఆ వేడిలో ఉండగానే ఫోన్ తీస్తాడు. ఏం మాట్లాడాలో అతనికీ తెలీదు. ఆ గాభరా మొత్తం నీ మీద పడుతుంది. "ఏం కథయ్యా అది, పిల్లలున్న ఇంట్లో చదివే కథేనా" అన్న పెద్దాయన నిన్ను తిట్టాడనుకున్నావు. కాదు. ఆయన భయపడ్డాడు, ఆ వయసులో భయపడ్డానని ఎవరితో చెప్పుకుంటాడు, అందుకే కోపం కింద మార్చుకుని నీకు చెప్పాడు. ఆయనతో వాదన పెట్టుకోకు, "ఏ చోట ఇబ్బంది అనిపించిందండీ" అని అడుగు చాలు, ఆయనే చెప్పుకుంటూ పోతాడు.

ఇది మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఇంతే. అమెరికాలో షర్లీ జాక్సన్ అని ఒకావిడ, 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ పత్రికలో ద లాటరీ అని చిన్న కథ రాసింది. ఊరంతా ఏటా ఒక చోట చేరి చీట్లు తీస్తారు, గుర్తు పెట్టిన చీటీ ఎవరికి వస్తే ఆ మనిషిని రాళ్ళతో కొడతారు, చుట్టూ ఉన్నది రోజూ పలకరించుకునే ఇరుగు పొరుగు వాళ్ళే. ఆ వేసవిలో ఆవిడకి 300 పైన ఉత్తరాలు వచ్చాయట, అందులో ఆదరంగా ఉన్నవి లెక్కపెడితే 13, అవి కూడా ఎక్కువగా ఫ్రెండ్స్ రాసినవే. కన్నతల్లి కూడా మీ నాన్నకీ నాకూ నీ కథ అస్సలు నచ్చలేదని రాసింది. ఈ లెక్కలన్నీ ఆవిడే తర్వాత ఒక ప్రసంగంలో చెప్పుకుంది. నన్ను పట్టేసిన ముక్క వేరే ఉంది. కొంతమంది ఆ చీట్లు ఎక్కడ తీస్తారు, మేం వెళ్ళి చూడొచ్చా అని అడిగారట! కథలో రాళ్ళు పడ్డ మనిషి కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నీకూ ఒకాయన ఫోన్ చేసి ఆ ఇల్లు ఏ రోడ్డులో ఉంది, వాళ్ళు ఇంకా అక్కడే ఉంటున్నారా అని అడిగాడన్నావు చూడు, నువ్వు అదేదో పిచ్చి ప్రశ్న అన్నట్టు రాశావు. నా లెక్కలో ఆ 40 ఫోన్లలో నీకు దక్కిన పెద్ద మెప్పు అదే. అతని మటుకు ఆ ఇల్లు కాగితం మీంచి లేచి వెళ్ళి సింగ్ నగర్‌లో నిలబడిపోయింది. మా చిన్నప్పుడు వీధి వీధంతా తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని బొగ్గుతో రాసుకున్నారు, ఆ రాతని ఎవరు మొదలెట్టారో, ఆ ఆడమనిషిని ఎవరు చూశారో ఒక్కళ్ళు చెప్పలేదు, కానీ మా నాయనమ్మ కూడా నాతో రాయించింది. నేను పీట వేసుకుని ఎక్కి రాశా, బొగ్గు పొడి కళ్ళల్లో పడింది, రాసినంతసేపూ వెనక్కి తిరిగి చూడలేదు. భయం అంటే నాకు ఇప్పటికీ ఆ పీట మీద నిలబడటమే గుర్తొస్తుంది. నీ కథలో కుర్చీ దగ్గర నేను ఆగిపోయింది అందుకే అయ్యుంటుంది, నువ్వు ఆ పీట గురించి రాయలేదు కదా, అయినా నాకు అదే కనిపించింది. ప్రతి రీడరూ ఇలాగే తన భయం తాను తెచ్చుకుంటాడు, నువ్వు దానికి చోటు వదిలావు.

అందుకే ఎండింగ్ చెప్పకు అంటున్నా. "తర్వాత పాపకి ఏమైంది" అని ఎంతమంది అడిగారో నేను ఊహించగలను. ఈ తప్పు నేను చేశా. 1996లో ఒక బావి కథ రాశా, తెనాలి వైపు పల్లె, సాయంత్రం అయితే బావిలో చేద దానంతట అదే దిగుతుంది. అప్పట్లో అన్నీ కార్డులూ ఇన్లాండ్ కవర్లే. రేపల్లె వైపు నుంచి ఒక మాస్టారు మూడు కార్డులు రాశారు, ఆ చేద ఎవరు దింపుతున్నారు చెప్పండమ్మా, నిద్ర పట్టట్లేదు అని. నాకు జాలేసి ఇన్లాండ్ కవర్ నిండా విప్పి చెప్పేశా, ఫలానా మనిషి, ఫలానా కారణం అని. వారానికి జవాబొచ్చింది, ఒకే లైను. "ఓహో, అంతేనా అమ్మా." ఆయనలో మూణ్ణెల్లు బతికిన కథని నేనే చంపేశా కదా అని చాలా బాధపడ్డా. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీకు అలాంటి ఫోన్ వస్తే, "మీకేమనిపించింది" అని అడిగి వినడమే. తెలీదని అబద్ధం చెప్పొద్దు, గొప్పకి దాచుకుంటున్నట్టు కూడా మాట్లాడొద్దు.

పార్ట్ టూ రాయమన్న వాళ్ళకి థాంక్స్ చెప్పి ఊరుకో.

ఇంకో పని చెయ్. ఒక పుస్తకం పెట్టుకుని ఎవరు ఏ మాట దగ్గర ఆగారో రాసుకో. నీ మెసేజ్‌లో నువ్వు చెప్పిన దాన్ని బట్టే చూస్తే స్కేలు గురించి ఆరుగురు ఎత్తారు, నోటుబుక్కులో అంకెల గురించి ముగ్గురు, కుర్చీ గురించి దాదాపు అందరూ. రెండో పేజీలో అర్ధరాత్రి వెనక గదిలో అడుగుల చప్పుడు అని ఒక పేరా పెట్టావు, దాని గురించి ఒక్కళ్ళన్నా మాట్లాడారా? మాట్లాడరు. అది నువ్వు ఎక్కడో విన్న భయం, ఆ గీత మాత్రం నువ్వు చూసిన భయం. మా వైపు దిష్టి తీసి ఎండు మిరపకాయలు పొయ్యిలో వేస్తారు, మామూలుగా అయితే ఇల్లంతా ఘాటు వచ్చి దగ్గి చావాలి, ఘాటు రాలేదంటే గట్టి దిష్టే అంటారు. కథకి కూడా ఎక్కడ దగ్గు రాలేదో అక్కడే ఏదో తేడా ఉందని చూసుకోవాలి. పుస్తకంగా వేసేటప్పుడు ఆ పేరా తీసెయ్.

ఇక అసలు విషయానికి వస్తున్నా, దీన్ని నువ్వు మెసేజ్‌లో చివర ఒక్క లైనులో దాటేశావు. ఒకావిడ ఫోన్ చేసి, మాది సింగ్ నగరే బాబూ, మా ఇంట్లో గీత మేం చెరపలేదు, అని చెప్పి ఇంక మాట్లాడలేక పెట్టేసిందన్నావు. 2024 సెప్టెంబర్ వరదలో అక్కడ ఏం జరిగిందో నీకు నాకంటే బాగా తెలుసు, ఫ్లైఓవర్ దగ్గర పడవలు, డ్రోన్లతో దింపిన పొట్లాలు, డాబాల మీద రాత్రిళ్ళు. ఆవిడకి నీది హారర్ కథ కాదు తమ్ముడూ. ఆ గీత కింద ఆవిడకి ఏం పోయిందో మనకి తెలీదు. మిగతా వాళ్ళకి నువ్వు రచయితగా జవాబు చెప్పొచ్చు, చెప్పకపోనూ వచ్చు, ఈవిడతో మాత్రం మనిషిగా మాట్లాడాలి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఆ బావి కథకే ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. ఒక తల్లి రాసింది. వాళ్ళ పిల్ల అలాగే బావిలో పోయిందట, ఈ సంగతి మీకెవరు చెప్పారు అని అడిగింది. నేను వణికిపోయి, అదంతా కల్పనండీ, ఎవర్నీ ఉద్దేశించి రాసింది కాదండీ అని రెండు లైన్లు రాసి పోస్ట్ చేసేశా. అది నిజమే, ఆ పిల్ల గురించి నాకు నిజంగా తెలీదు. కానీ ఆవిడ అడిగింది అది కాదు. తన బిడ్డని ఎవరో తలుచుకున్నారేమో అని అడిగింది. ఆ పిల్ల పేరేంటని కూడా నేను అడగలేదు. తర్వాత రాద్దామంటే అడ్రస్ చూసుకోకుండా కవర్ పారేశా. ఇన్నేళ్ళయినా ఎవరైనా బావి అంటే ముందు ఆ రెండు లైన్లే గుర్తొస్తాయి.

నీ దగ్గర ఆవిడ నంబర్ ఉంది. సారీతో మొదలుపెట్టకు, కథ గురించి అసలు ఎత్తకు. మీరు ఆ రోజు మాట్లాడలేకపోయారు, ఎలా ఉన్నారో కనుక్కుందామని చేశానమ్మా అను. ఆవిడ చెప్తే విను, వద్దంటే పెట్టేయ్. విన్నది ఏదీ కథలో వాడుకోకు, ఆవిడ వాడుకోమంటే తప్ప.

వచ్చే ఆదివారం గుంటూరు రా. శంకర్ విలాస్ సెంటర్‌లో దిగి ఫోన్ చెయ్, నేనే ఎదురొస్తా. కొత్త కథ సగం రాసి ఆపేశానన్నావు కదా, ఆ సగమే తీసుకురా, మధ్యాహ్నం కూర్చుని చదువుకుందాం. ఆవిడకి ఫోన్ చేశాకే బయల్దేరు.

అక్క
బ్రాడీపేట, గుంటూరు